వద్దని చెప్పే కొట్టు

మా వీధి మూలనున్న కిరాణా కొట్టుకి అయిదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. అయిదోది ఎందుకు కోశానో కింద చెప్తాను, తొందరపడకండి.

ముందు అసలు సంగతి. ఈ రివ్యూ చదివి మీరు వెళ్ళి నెల సరుకులు కట్టించుకోవడం కుదరదు. ఈ నెలాఖరుతో కొట్టు మూసేస్తున్నారు. మూసేసే కొట్టుకి రివ్యూ ఏంటమ్మా అని మా అమ్మాయి నవ్వింది. తెరిచి ఉన్నన్నాళ్ళూ ఎవరూ ఒక్క ముక్క రాయలేదు మరి. ఫోన్లో మ్యాపు తీస్తే పక్కనున్న మెడికల్ షాపు కనిపిస్తుంది, ఎదురుగా ఉన్న ఏటీఎం కనిపిస్తుంది, ఈ కొట్టు మాత్రం కనిపించదు. బిర్యానీ పాయింట్లకి పేజీలకి పేజీలు రాసేవాళ్ళున్నారు కదా, పప్పూ ఉప్పూ అమ్మిన కొట్టుకి ఒకరైనా రాయొద్దూ?

అమలాపురంలో గడియార స్తంభం దగ్గర్నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, రెండు వీధులు కలిసే మూలన ఉంటుంది. బోర్డు లేదు. ఒకప్పుడు ఏదో టీపొడి కంపెనీ రేకు బోర్డు ఉండేదట, తుప్పుపట్టి ఊడిపోయాక మళ్ళీ పెట్టలేదు. వీధిలో అందరికీ అది మూలకొట్టు. నడిపే ఆయన్ని నేను బాబాయిగారు అంటాను. ఆయన నన్ను అమ్మాయ్ అంటారు, నాకు యాభై దాటినా సరే. వాళ్ళ నాన్నగారు పెట్టిన కొట్టది. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ అక్కడ సోలల్లో, తవ్వల్లో, గిద్దల్లోనే సరుకు అడిగేవారు. ఆయన మారుమాట్లాడకుండా మనసులో లెక్కకట్టి కిలోల్లో తూచి పంపేవారు. దేశమంతటా 1962 నుంచి కిలోలు తప్పనిసరి అయ్యాయి గానీ మా అత్తగారి వంటింటికి ఆ కబురు అందలేదు.

నేను ఇంట్లో పిండివంటలు చేసి అమ్ముతాను. సున్నుండలు, పోకుండలు, జంతికలు, చెగోడీలు, పండగలకి అరిసెలు, ఎండల్లో ఆవకాయ, మాగాయ. హైదరాబాదుకి బస్సు పార్సిళ్ళు వెళ్తాయి, అమెరికాలో ఉన్న పిల్లలకి కొరియర్లు వెళ్తాయి. అందుకని సరుకు విషయంలో నాకు మొహమాటాలు లేవు. పప్పు తేడాగా ఉంటే సున్నుండ తేడాగా ఉంటుంది, వచ్చే నెల ఆర్డరు పోతుంది. ఎంత తెలిసినవాళ్ళ కొట్టయినా సరుకు బాగోకపోతే నేను గుమ్మం ఎక్కను.

ఇలాంటి పాత కొట్ల గురించి ఎవరు చెప్పినా "ఎంత ఆప్యాయంగా పలకరించేవారో" అని మొదలుపెడతారు. మూలకొట్టుకి ఆప్యాయత కోసం వెళ్ళినవాళ్ళు నిరాశపడతారు. బాబాయిగారి మొహం ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది. కుశల ప్రశ్నలు లేవు, కబుర్లు లేవు. ఆ కొట్టు గొప్పతనమల్లా ఒక్కటే, ఆయన వద్దని చెప్తారు. డబ్బులు పట్టుకుని ఎదురుగా నిలబడ్డ మనిషితో "ఇది తీసుకోకు" అనే వర్తకుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

మినుముల సంగతే తీసుకోండి. మన డెల్టా చేలల్లో సార్వా వరి ఇంకా కోయకముందే అందులో మినుము చల్లుతారు. వరి కోసేశాక నేలలో మిగిలిన తేమతోనే అది పెరిగి ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికొస్తుంది. ఆ కొత్త మినుము వచ్చాక కొన్నాళ్ళు కొట్లలో పాతదీ కొత్తదీ కలిసే ఉంటాయి. కవర్లో పోసి సీలు వేసేస్తే ఏది ఏదో మనకేం తెలుస్తుంది? గారెలకి కొత్తది బాగుంటుంది, పిండి పొంగుతుంది. సున్నుండలకి బాగా ఎండింది కావాలి, లేకపోతే ఎంతసేపు వేయించినా ఆ కమ్మటి వాసన రాదు. నేను సంచి పట్టుకుని వెళ్ళగానే బాబాయిగారు గోనెబస్తాలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి పంటికింద కొరికి చూసేవారు. "అమ్మాయ్, ఇది ఇడ్లీలకి చాలు. సున్నికి పనికిరాదు. గురువారం ఇంకో లోడు వస్తాది, అప్పుడు రా." అంతే. గురువారం దాకా ఆర్డరు ఆగాల్సిందేనా, పార్సిలు ఎలాగ అని నేను గొణిగితే, "అయితే తీసుకెళ్ళు, నా పేరు మాత్రం చెప్పకు" అనేవారు. ఇంకెలా తీసుకెళ్తాం?

బెల్లం కూడా అంతే. సంక్రాంతికి జనం వచ్చి తెల్లగా, పసుప్పచ్చగా మెరిసే బెల్లం అడుగుతారు. వండేటప్పుడు హైడ్రోస్ అనే మందు వేస్తే ఆ రంగు వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, అరిసెల పాకానికి పెట్టి చూడండి తెలుస్తుంది. ఆయన దగ్గర రెండు రకాలూ ఉండేవి, జనం అడుగుతారు గనక. ఒక కొత్త పెళ్ళికూతురు పచ్చది చూపించి అదే కావాలంటే, "ఫోటో తీసుకోడానికయితే ఇదమ్మా, పాకం పట్టడానికయితే అదిగో ఆ నల్లది" అన్నారు. ఆ పిల్ల బిక్కమొహం వేసింది గానీ నల్లదే తీసుకెళ్ళింది. మాట తీరు బాగుంటుందని నేను చెప్పట్లేదు.

ఇంగువకి మాత్రం ప్రత్యేకంగా ఒక పేరా రాయాలి. ఇంగువ మొక్క మన వైపు పెరగదు, అఫ్ఘనిస్తాన్, ఇరాన్ లాంటి దేశాల నుంచి రావాలి. హిమాచల్‌ప్రదేశ్‌లో చలి ఎక్కువగా ఉండే లాహౌల్ లోయలో 2020లో నాటడం మొదలుపెట్టారు. మనం చిన్న డబ్బాల్లో కొనే పొడిలో అసలు ఇంగువ కొంచెమే ఉంటుంది, మిగతాది పిండీ జిగురూను. మూలకొట్టులో ముద్ద ఇంగువ దొరికేది. మూత బిగించిన రేకుడబ్బాలో, ఆ డబ్బా ఇంకో డబ్బాలో, టీపొడికి ఆమడ దూరంలో పెట్టేవారు. చాకుతో గోరంత చెక్క తీసి, కాగితంలో మడిచి, పురికొస చుట్టి ఇచ్చేవారు. ఆ గోరంతతో పులిహోర గుండిగ మొత్తం ఘుమఘుమలాడిపోతుంది. ఇప్పుడది ఎక్కడ కొనాలో నాకు నిజంగానే టెన్షన్‌గా ఉంది. ఆవపెట్టిన పనసపొట్టు కూరకి పొడి ఇంగువ వేసి చూశాను. మా ఆయన పళ్ళెంలో వేలితో కెలికి ఊరుకున్నారు.

పసుపు పొడి ఆయన ఎప్పుడూ అమ్మలేదు. కొమ్ములు కొనుక్కుని మర పట్టించుకోమనేవారు. రంగు కలిపిన పొడి అమ్మి మాట పడటం తనకిష్టం లేదనేవారు. ఆవకాయ రోజుల్లో ఆవాలు, మెంతులు, రాళ్ళ ఉప్పు, పప్పునూనె అన్నీ ఒకచోట పోగేసి ఉంచేవారు గానీ, ఆవపిండి అమ్మేవారు కాదు. అదీ ఇంటికెళ్ళి దంచుకోవాల్సిందే.

2015 దసరా రోజుల్లో కందిపప్పు ధర గుర్తుందా? వరసగా రెండేళ్ళు వానలు సరిగా లేక, కిలో 200 రూపాయల దాకా ఎగబాకింది. అప్పుడు కొట్టు ముందు పలక మీద సుద్దతో "కందిపప్పు ఉంది. పెసరపప్పు తినండి" అని రాసి పెట్టారు. ఆ పలక చూసి వీధంతా నవ్వుకున్నాం, తర్వాత అందరం పెసరపప్పే తిన్నాం. అదే రోజుల్లో ఎవరో తక్కువ ధరకి కందిపప్పు అని ఒక లోడు తెచ్చి దింపబోయారు. బాబాయిగారు గుప్పెడు పప్పు వెలుగులో పెట్టి చూసి, ఇందులో బఠానీ పప్పు కలిసింది, ఎక్కించుకుపొమ్మన్నారు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. నాకైతే రెండూ ఒకేలా కనిపించాయి.

ఇంతకంటే పాత సంగతి ఒకటుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఎలా ఊడ్చేసిందో నా వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు. నేను కాపురానికొచ్చిన కొత్త. లక్షల కొబ్బరిచెట్లు పడిపోయాయని తర్వాత పేపర్లలో చదివాం. ఆ తెల్లవారుజామున మాకు తెలిసింది మా వీధి మాత్రమే. చెట్లు, పెంకులు, కరెంటు స్తంభాలు అడ్డదిడ్డంగా పడున్నాయి, పెరట్లో మోకాల్లోతు నీళ్ళు. దీపావళి ఇంకా నాలుగు రోజులే ఉండటంతో కొట్టులో కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, ప్రమిదలు, దీపాల నూనె దండిగా తెప్పించి పెట్టారు. అవే వీధికి దిక్కయ్యాయి. బయట కొవ్వొత్తి ఎంతంటే అంత పలుకుతోంది. ఈయన మామూలు ధరకే ఇచ్చారు, ఇంటికి రెండే. మా మామగారు మూడోది అడిగితే, "వద్దండి, మీ ఎదురింట్లో పసిబిడ్డుంది" అని ఆ మూడోది వాళ్ళకి పంపించారు. మా మామగారికి కోపమొచ్చింది. నాకు మాత్రం ఆ రోజు నుంచే ఈ కొట్టు మీద గురి కుదిరింది.

2022 మే నెలలో కోనసీమ జిల్లా పేరు మార్పు మీద గొడవలయ్యాక ఇక్కడ ఇంటర్నెట్ ఆపేశారు కదా. రోజుల తరబడి ఫోన్‌పే లేదు, గూగుల్‌పే లేదు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్‌లు సంచిలో పెట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకి పరుగులు పెట్టారు. జేబులో పది రూపాయల నోటు కూడా ఉంచుకోని కుర్రాళ్ళు మూలకొట్టు ముందు నిలబడితే, బాబాయిగారు ఖాతా పుస్తకంలో వాళ్ళ నాన్నల పేర్లు వెతికి దాని కింద రాసుకున్నారు. ఆ పుస్తకానికి సిగ్నల్ అక్కర్లేదు.

ఇక నక్షత్రం ఎందుకు కోశానో చెప్తాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి తలుపు వేస్తే నాలుగున్నర దాకా తియ్యరు. మీ ఇంట్లో చుట్టాలు దిగినా, పంచదార నిండుకున్నా సరే. ధరలు ఎక్కడా రాసి ఉండవు, అన్నీ ఆయన బుర్రలోనే. చిల్లర లేదని చాక్లెట్లు చేతిలో పెడతారు. మళ్ళీ ఆ చాక్లెట్లు మనమిస్తే డబ్బుల కింద తీసుకోరు. అరల పైవరసలో బిస్కట్ పాకెట్ల తేదీ చూడకుండా తీసుకోకండి. వద్దని చెప్పే ఆయన కూడా బిస్కట్ల జోలికి ఎందుకో వెళ్ళరు, అవి సరుకే కాదన్నట్టు చూస్తారు. మగవాళ్ళు వచ్చి నిలబడితే ముందొచ్చిన ఆడవాళ్ళని ఆపి వాళ్ళకి తూచేవారు. ఇది నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. ఒకసారి గట్టిగానే అడిగాను. "మగాళ్ళకి ఓపికుండదమ్మా, వాళ్ళని పంపించేస్తే మనం నిదానంగా చూసుకోవచ్చు" అన్నారు. ఆ జవాబుకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

వీటన్నిటికీ కలిపి అర నక్షత్రం కోస్తే చాలు. మిగతా అర వేరే దానికి. పొద్దున్న కూలికెళ్ళి సాయంత్రం డబ్బులు చేతిలో పడ్డాక పావు కిలో బియ్యం, యాభై గ్రాముల పప్పు, ఒక చిన్న నూనె పాకెట్ కొనుక్కునేవాళ్ళు ఆ కొట్టుకి చాలామంది ఉన్నారు. నాకు కిలోకి ఇచ్చిన ధర వాళ్ళకి గ్రాముల్లో ఎప్పుడూ ఇవ్వలేదు. చిల్లరగా తూచడంలో తరుగు పోతుంది, పొట్లానికి కాగితమూ పురికొసా అవుతాయి, నిజమే. అయినా ఎక్కువ ఉన్నవాళ్ళకి తక్కువ ధర, తక్కువ ఉన్నవాళ్ళకి ఎక్కువ ధర. ఈ లెక్క నాకు నచ్చదు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. విడి నూనె అమ్మకూడదని 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో ఉంది. చాలాచోట్ల ఎవరూ పట్టించుకోలేదు, డబ్బా మూత తీసి పోస్తూనే ఉన్నారు. ఈయన మానేసి, చిన్న చిన్న పాకెట్లు ఎక్కడివో వెతికి తెప్పించారు. కొనేవాళ్ళకి నాలుగు డబ్బులు ఎక్కువే అయ్యాయి గానీ, అందులో ఏ నూనె ఉందో పాకెట్ మీద రాసుంటుంది.

బైపాస్‌లో వచ్చిన సూపర్‌మార్కెట్ వల్లే ఈ కొట్టు మూతపడుతోందని వీధిలో అంటున్నారు. సబ్బులు, డిటర్జెంట్లు, షాంపూల విషయంలో అది నిజమే. పెద్ద కొట్లు కంపెనీల దగ్గర నేరుగా కొంటాయి. ఏజెన్సీ మనిషి బాబాయిగారికి వేసే రేటు కంటే అక్కడ జనానికి అమ్మే రేటే తక్కువ. తను కూడా అక్కడే కొనుక్కొచ్చి ఇక్కడ అరలో పెట్టుకుంటే లాభమని ఆయనే అంటుంటారు. సబ్బులు నేనూ అక్కడే కొంటాను, మీరూ అక్కడే కొంటారు.

పప్పులూ బియ్యం సంగతి వేరు. 2022 జులై 18 నుంచి సీలు వేసి లేబుల్ అంటించిన 25 కిలోల దాకా ఉన్న బియ్యం, పప్పు, పిండి పాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ పడింది. బస్తా విప్పి తూచి ఇస్తే పన్ను లేదు. బజార్లో హఠాత్తుగా 26 కిలోల బియ్యం బస్తాలు ఎందుకొచ్చాయో చాలామందికి తెలీదు, 25 దాటితే పన్ను తప్పుతుందని. ఒక్క కిలో ఎక్కువ మోస్తూ మా ఇంటి మెట్లెక్కేటప్పుడు కుర్రాడు ఎవర్ని తిట్టుకున్నాడో గానీ, తూచి ఇచ్చే కొట్టుకి మాత్రం ఆ రూలు కలిసొచ్చింది. పప్పులో మూలకొట్టు ధర ఎప్పుడూ ఎక్కువ కాలేదు.

మరి ఎందుకు మూస్తున్నారంటే, ఆయన మాటే రాస్తాను: "కొట్టు నష్టాల్లో లేదమ్మా. మోకాళ్ళే నష్టాల్లో ఉన్నాయి." డెబ్బై దాటాయి. బస్తా వంచి తియ్యాలి, నిచ్చెనెక్కి డబ్బా దించాలి, రోజంతా కాటా ముందు నిలబడాలి. గుమాస్తా ఉన్నాడు, మంచివాడు. కానీ ఏ పప్పు ఎవరికి వద్దని చెప్పాలో అతనికి రాలేదు, అతను అన్నీ అందరికీ ఇచ్చేస్తాడు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. కొట్టు నడుపుతానని ఆ అబ్బాయి ఒకసారి అన్నాడట, ఈయనే వద్దన్నారట.

నేను సూపర్‌మార్కెట్లో కూడా సరుకు తీసి చూశాను, ఎలాగూ అలవాటు పడాలి కదా. ఏసీ ఉంది, బండి తోసుకుంటూ తిరగొచ్చు, బిల్లు ఇస్తారు, ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ ఒకే లైన్లో నిలబెడతారు. ఈ చివరిది చూసి సంతోషించాను. మినప్పప్పు కొత్తదా పాతదా అని అక్కడున్న అమ్మాయిని అడిగితే పాకెట్ తిరగేసి ప్యాకింగ్ తేదీ చూపించింది. పాపం ఆ అమ్మాయి తప్పేముంది, తేదీ చదవమనే ఆమెకి నేర్పారు. పప్పు ఎప్పుడు కవర్లో పోశారో దాని మీద ఉంది, చేలోంచి ఎప్పుడొచ్చిందో లేదు. నాలాంటి వాళ్ళు ఇకమీదట తాడేపల్లిగూడెం, రాజమండ్రి హోల్‌సేల్ కొట్లకి వెళ్ళి బస్తా విప్పించి కొరికి చూసుకోవాలి. నేను చూసుకోగలను, బాబాయిగారి పక్కన నిలబడి ఆ మాత్రం నేర్చుకున్నాను. నెలకి కిలో పప్పు కొనే ఇంటికి బస్తా ఎవరు విప్పి చూపిస్తారు?

నెలాఖరు లోపల వెళ్ళాలనుకునేవాళ్ళకి కొన్ని వివరాలు. అరల్లో సగం ఖాళీ అయిపోయాయి. కుంకుడుకాయలు, రాళ్ళ ఉప్పు, వాము, శొంఠి ఇంకా ఉన్నాయి. కురిడీ కొబ్బరి బాగుంది, తీసుకోవచ్చు. నల్లబెల్లం నేను వెళ్ళేసరికి అయిపోయింది. ముద్ద ఇంగువలో కొంత నేను తెచ్చేసుకున్నాను, మిగిలింది ఎవరు ముందెళ్తే వాళ్ళది. పాత కాటా, తూకం రాళ్ళు అడిగినవాళ్ళున్నారట, ఇవ్వనన్నారు. ఖాతా బాకీలున్నవాళ్ళు వెళ్ళి తీర్చేయండి. ఆయన నోరు తెరిచి అడగరు గానీ పుస్తకం గల్లాపెట్టె మీద తెరిచే పెట్టి ఉంచుతున్నారు, ఎవరి పేజీ కావాలంటే ఆ పేజీకి.

ధరలన్నీ కాస్త తగ్గించారు. గోడవారన ఉన్న శీకాయ బస్తా మాత్రం అడగొద్దు. సగం ధరకి ఇచ్చేయండి, తలకి రుద్దుకునేదే కదా అని మా పక్కింటావిడ ఎంతో బతిమాలింది. పురుగు పట్టింది, అమ్మనన్నారు.